క్లాత్ డైపర్ గంటన్నరకే కారిపోతోంది, లోపల ప్యాడ్ మాత్రం సగం పొడిగానే ఉంటోంది

చిట్టితల్లి అమ్మ, కూకట్‌పల్లి
జూలై 14, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మా పాపకి నాలుగున్నర నెలలు, బరువు 6.4 కిలోలు. మూడో నెల నిండేదాకా పగలంతా పాత కాటన్ గుడ్డలు, రాత్రి మాత్రం వాడి పారేసే మామూలు డైపర్ వాడాం. వానలు మొదలయ్యాక గుడ్డలు ఆరక పగలు కూడా డైపరే వేస్తూ వచ్చాం. వారం తిరిగేసరికి పిరుదుల మీద, తొడల లోపలి వైపు ఎర్రగా కందిపోయింది. డాక్టరు గారు జింక్ క్రీము రాసిచ్చి, కొన్నాళ్ళు గుడ్డలే వాడమన్నారు.

అందుకని ఆన్‌లైన్‌లో లోపలి అరలో ప్యాడ్ దోపే పాకెట్ రకం క్లాత్ డైపర్లు ఆరు కొన్నాను. ఒక్కోటి 450 పడింది. లోపల పెట్టే ప్యాడ్లు మైక్రోఫైబర్‌వి ఆరు, వెదురు నూలువి రెండు వచ్చాయి. అయిదు వాడుతున్నాను, ఆరోది ఇంకా కవరులోంచి తీయలేదు.

సమస్య ఏంటంటే, వేసిన గంటన్నరకే ఒళ్ళో తడి తగులుతోంది. తొడల దగ్గర కొంచెం, నడుము వెనక నుంచి ఎక్కువ. విప్పి చూస్తే ప్యాడ్ సగం పొడిగానే ఉంటోంది. సర్ఫులో నానబెట్టి, చేత్తోనే ఉతుకుతున్నాను. అత్తయ్యగారు "ఆ ప్లాస్టిక్ లాగు ఎందుకమ్మా, నా పాత చీరలు లేవా" అంటున్నారు. మావారు మళ్ళీ మామూలు డైపరే వేసేద్దాం అంటున్నారు. ఇంత లావు గుడ్డ కాళ్ళ మధ్య ఉంటే దొడ్డికాళ్ళు వస్తాయని పక్కింటావిడ. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్ళు చెప్పండి.


కవలల నాన్న, విజయవాడ
జూలై 14, రాత్రి 11:52

ప్యాడ్ పొడిగా ఉండగానే కారుతోందంటే ప్యాడ్ చాలక కాదండి, తడి ప్యాడ్ దాకా చేరడం లేదు. మా కవలలకి మూడో నెల నుంచి రెండేళ్ళు నిండేదాకా గుడ్డ డైపర్లే వాడాం. ఉతికే పని మొత్తం నాదే, అందుకే ఈ తంటా నాకు బాగా తెలుసు.

నాలుగు సంగతులు చెప్పండి. పాపకి ఏ నూనె రాస్తున్నారు, రాశాక ఎంతసేపటికి డైపర్ వేస్తున్నారు? కొత్త ప్యాడ్లు వాడే ముందు ఎన్నిసార్లు ఉతికారు? చివరి జాడింపులో కండిషనర్ వేస్తున్నారా? మీ ఇంట్లోవి మంజీరా నీళ్ళా, బోరు నీళ్ళా?

ఈలోగా ఒక పరీక్ష చేయండి. ఉతికి ఆరిన డైపర్ లోపలి మెత్తటి బట్ట మీద ఒక చెంచాడు నీళ్ళు పోసి, వేలితో కాస్త అదమండి. వెంటనే ఇంకిపోవాలి. తామరాకు మీద బొట్టులా నిలబడి పక్కకి జారిందంటే ఆ బట్టకి ఏదో జిడ్డు పట్టిందని అర్థం. వాడని డైపర్ మీద కూడా ఇలాగే చేసి చూడండి, తేడా తెలుస్తుంది.


చిట్టితల్లి అమ్మ, కూకట్‌పల్లి
జూలై 15, ఉదయం 9:40

చేశానండి. వాడుతున్న డైపర్ మీద నీళ్ళు అదిమినా ఇంకలేదు, జారి నా అరచేతిలోకి వచ్చాయి. వాడని ఆరో దాని మీద పోయగానే ఇంకిపోయాయి. రెండూ ఒకే రకం, రంగు మాత్రమే వేరు.

మీ ప్రశ్నలకి జవాబులు. రోజూ స్నానం పోసే ఆవిడ వచ్చి కొబ్బరి నూనెతో మర్దన చేసి, సున్నిపిండితో రుద్ది నీళ్ళు పోస్తుంది. స్నానం అయ్యాక తొడ సందుల్లో మళ్ళీ కాస్త నూనె రాస్తారు అత్తయ్యగారు, ఒరుసుకోకుండా ఉంటుందని. దాని మీద జింక్ క్రీము, వెంటనే డైపర్. ప్యాడ్లు ఒక్కసారి ఉతికి వాడేశాను. కండిషనర్ రోజూ వేస్తున్నాను, పాప ఒంటికి మెత్తగా ఉండాలని. నీళ్ళు బోరువి. బకెట్ అంచున తెల్లగా పొర కడుతుంది.


కవలల నాన్న, విజయవాడ
జూలై 15, మధ్యాహ్నం 1:15

దొంగ దొరికాడు. ఒకడు కాదు, ముగ్గురు.

కొబ్బరి నూనె, జింక్ క్రీము రెండూ తడిని తోసేసేవే. చర్మానికి అదే మేలు, బట్టకి అదే చేటు. పాకెట్ డైపర్‌లో ఒంటికి తగిలే పొర పాలియెస్టర్ రకం, జిడ్డుని ఇట్టే పట్టుకుంటుంది. కండిషనర్ కూడా నూలు పోగుకి పూత పూసి మెత్తగా అనిపించేలా చేస్తుంది. ఆ పూత ఉన్నంతకాలం గుడ్డ పీల్చదు. దీనికి తోడు బోరు నీళ్ళు. ఉప్పదనం ఎక్కువ ఉన్న నీళ్ళలో సబ్బు నురగ రాక, తెల్లటి తెట్టులా మారి గుడ్డలోనే కూర్చుంటుంది.

ముందు ఉన్నవాటిని బాగుచేయండి. ప్యాడ్లన్నీ పాకెట్‌లోంచి తీసేసి విడిగా పెట్టండి. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసిన వేడి నీళ్ళలో ప్యాడ్లని బాగా పిసకండి. డైపర్ లోపలి పొరని గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి బ్రష్షుతో తుడవండి. బయటి పొర వెనక నీళ్ళు కారకుండా పలుచటి పూత ఉంటుంది, దాన్ని మరుగు నీళ్ళలో పెడితే లేచిపోతుంది, అది మాత్రం జాగ్రత్త. తర్వాత నురగ అన్నది కనబడనంత వరకు జాడించండి. నాకు ఆరేడు నీళ్ళు పట్టేవి. చివరి రెండు జాడింపులు మంచినీళ్ళతో చేయగలిగితే ఇంకా మంచిది. ఆరాక మళ్ళీ చెంచా పరీక్ష.

వెదురు, కాటన్ ప్యాడ్లు కొత్తలో సరిగా పీల్చవు. అయిదారు ఉతుకులు పడ్డాకే పూర్తిగా పనిచేస్తాయి. మైక్రోఫైబర్‌కి ఒక్క ఉతుకు చాలు. కానీ మైక్రోఫైబర్‌ని పాప ఒంటికి నేరుగా తగలనివ్వకండి, చర్మంలోని తేమని కూడా లాగేసి పొడిబారుస్తుంది. పాకెట్ లోపలే ఉండాలి.

రోజువారీ ఉతుకు మా ఇంట్లో ఇలా ఉండేది. విప్పగానే ప్యాడ్ బయటికి లాగి, ఉచ్చ గుడ్డ అయితే ఒకసారి చన్నీళ్ళలో జాడించి చిల్లుల బుట్టలో పడేసేవాణ్ణి. నీళ్ళ బకెట్‌లో గంటలకొద్దీ నానబెట్టడం మానేయండి, ఎలాస్టిక్ వదులైపోతుంది, వాసన కూడా పడుతుంది. రెండు రోజులకి ఒకసారి మెషీన్‌లో ముందు సబ్బు లేకుండా చన్నీళ్ళ ఉతుకు, తర్వాత 40 డిగ్రీల వేడిలో డిటర్జెంట్ పౌడర్‌తో పెద్ద ఉతుకు. మెషీన్ మూడొంతులు నిండాలి. గుడ్డలు ఒకదానికొకటి రాసుకుంటేనే మురికి పోతుంది. పిల్లల బట్టలు కదా అని పౌడర్ చిటికెడు వేసేవాళ్ళున్నారు. బోరు నీళ్ళకి అది అస్సలు చాలదు. మామూలు బట్టలకి ఎంత వేస్తారో అంత వేసి, జాడింపు ఒకటి పెంచండి.

మరకలకి మందు ఎండే. తడి గుడ్డ అలాగే ఎండలో ఆరేస్తే పసుపు మరక సాయంత్రానికి కనబడదు. ప్యాడ్లు ఎండలో, పై డైపర్లు నీడలో.


బామ్మ కబుర్లు, రాజమండ్రి
జూలై 15, సాయంత్రం 5:30

చిట్టితల్లి అమ్మా, నాకు 68 ఏళ్ళు. ముగ్గురు పిల్లల్ని, అయిదుగురు మనవల్ని ఈ చేతులతో పెంచాను. ఆ అబ్బాయి చెప్పినవన్నీ నిజమే కానీ, తడి నడుము వెనక నుంచి వస్తోందన్నావు చూడు, దాని గురించి ఒక మాట అడుగుతాను. పాపకి మొలతాడు ఉందా? నల్లతాడా, వెండిదా?

నల్లతాడు అయితే, డైపర్ వేసేటప్పుడు అది సగం లోపల, సగం బయట ఉందేమో చూసుకో. నూలు తాడు దీపం వత్తి లాంటిది. ఒక కొస లోపల తడిలో ఉంటే రెండో కొస దాకా లాగేస్తుంది. మా చిన్న మనవరాలికి సరిగ్గా ఇలాగే చొక్కా వెనక తడిసిపోయేది, రెండు రోజులు ఎవరికీ అంతుపట్టలేదు. తాడుని పూర్తిగా పైకి, బొడ్డు దగ్గరికి జరిపి, డైపర్ అంచు దాని కిందికి వచ్చేలా టిచ్ బటన్లు పెట్టాం. ఆ రోజుతో ఆగిపోయింది.

మా రోజుల్లో ఆ మొలతాడే గోచీకి ఆధారం. ముందొక కొస, వెనకొక కొస తాట్లోకి దోపితే సరిపోయేది, పిన్నీసు కూడా ఉండేది కాదు.

ఇక మీ అత్తగారి చీరల మాట. ఆవిడా సరిగ్గానే చెప్పింది, నువ్వూ సరిగ్గానే కొన్నావు. రెండూ కలుపు. పైన నీ డైపరే, లోపల మైక్రోఫైబర్‌కి బదులు చీర గుడ్డ పెట్టు. ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్ చీర కానీ, పంచె కానీ తీసుకో. జరీ అంచు కోసేయాలి. గంజి పెట్టిన చీరైతే రెండు మూడుసార్లు వేడి నీళ్ళలో ఉతికి గంజంతా పోగొట్టాలి. అసలు కాటనో కాదో అనుమానం ఉంటే ఒక పోగు లాగి వెలిగించి చూడు. కాటన్ అయితే కాగితంలా కాలి బూడిద అవుతుంది, కలిసిన నూలైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

చీర పన్నాని నిలువునా మధ్యకి కోసి, చదరంగా ముక్కలు చేస్తే దాదాపు ఇరవై వస్తాయి. చిరుగులు వదిలేస్తే పదహారు ఖాయం. ఒక ముక్కని నిలువుగా నాలుగు మడతలు వేసి, మళ్ళీ మధ్యకి మడిస్తే ఎనిమిది పొరలు. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టు. వానాకాలంలో దీని సుఖం ఏమిటంటే, ఉతికాక విప్పితే ఒంటిపొర. ఫ్యాను కింద రెండు గంటల్లో ఆరిపోతుంది. కుట్టేసిన లావు ప్యాడ్ ఒక రోజంతా తడిగానే ఉంటుంది.

మేము వానల్లో కుంపటి మీద బుట్ట బోర్లించి, దాని మీద గుడ్డలు పరిచి ఆరబెట్టేవాళ్ళం, సాంబ్రాణి వాసనతో వెచ్చగా ఉండేవి. నీ ప్లాస్టిక్ పూత ఉన్నవి మాత్రం ఆ వేడి దగ్గరికి తీసుకుపోకు.


పిల్లల వార్డు సిస్టర్, గుంటూరు
జూలై 15, రాత్రి 10:05

పిల్లల వార్డులో పదకొండేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. కందిపోవడం గురించి కొంచెం రాస్తాను, ఎందుకంటే డైపర్ మార్చినా, గుడ్డ మార్చినా కొందరికి తగ్గదు, అప్పుడు తల్లులు తమనే తప్పు పట్టుకుంటారు.

మామూలు ఒరిపిడి ఎరుపు గుడ్డ తగిలే చోట ఉంటుంది. పిరుదుల మీద, తొడల గుండ్రటి భాగంలో. మడతల లోపల సాధారణంగా చర్మం బాగానే ఉంటుంది. అలా కాకుండా మడతల్లోనే ముదురు ఎరుపు, దాని చుట్టూ విడివిడిగా చిన్న చిన్న ఎర్ర పొక్కులు కనబడితే అది ఫంగస్ కావచ్చు. దానికి జింక్ క్రీము చాలదు, డాక్టరు వేరే మందు రాస్తారు. రెండు మూడు రోజులు జాగ్రత్తగా చూసుకున్నా తగ్గకపోయినా, చీము, పుళ్ళు, జ్వరం ఉన్నా ఆగకుండా చూపించండి.

గుడ్డ ఏదైనా సరే, ఉచ్చ పోశాక రెండు గంటలకి మించి ఉంచొద్దు, దొడ్డికి వెళితే వెంటనే మార్చాలి. ఆడపిల్లకి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి తుడవాలి. రోజులో రెండు మూడుసార్లు పది పదిహేను నిమిషాలు ఏమీ వేయకుండా గాలికి వదిలేయండి. పౌడర్ వద్దు. అది గాల్లోకి లేచి పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జింక్ క్రీము రాసినన్నాళ్ళు డైపర్‌కీ ఒంటికీ మధ్య పల్చటి ముల్ముల్ గుడ్డ ఒకటి పరవండి, జిడ్డు దానికే అంటుకుంటుంది, దాన్ని విడిగా ఉతుక్కోవచ్చు. స్నానం తర్వాత నూనె ఆపేస్తే సరి, మర్దన మానక్కర్లేదు.

దొడ్డికాళ్ళ భయం వదిలేయండి. పుట్టిన ప్రతి బిడ్డ కాళ్ళూ కాస్త వంపుగానే ఉంటాయి, కడుపులో ముడుచుకుని ఉన్నందువల్ల. రెండేళ్ళ వయసుకి చాలామందిలో అవే తిన్నబడతాయి. డైపర్ లావుకీ దానికీ సంబంధం లేదు.

బామ్మగారూ, ఒక్క మాట. సాంబ్రాణి పొగ పాప పడుకునే గదిలో మాత్రం వద్దండి. పసిపిల్లల శ్వాసకి అది పడదు. గుడ్డలకి వేరే గదిలో పెట్టుకుంటే ఇబ్బంది లేదు.


బామ్మ కబుర్లు, రాజమండ్రి
జూలై 16, ఉదయం 6:10

అలాగే సిస్టరమ్మా. మా పెద్దాడికి చిన్నప్పుడు పిల్లికూతలు వచ్చేవి. అప్పట్లో ఎవరూ చెప్పలేదు.


డాలస్ అమ్మ
జూలై 16, ఉదయం 8:30

మాది తెనాలి, పదేళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాం. బామ్మగారి చీర గుడ్డల మడత చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. మా బాబు పుట్టినప్పుడు ఇక్కడ క్లాత్ డైపర్ల కోసం వెతికితే ప్రీఫోల్డ్ అనే రకం కనబడింది. దీర్ఘచతురస్రంగా కుట్టిన నూలు గుడ్డ, పక్కల నాలుగు పొరలు, మధ్యలో ఎనిమిది. దాంట్లో రెండు రకాలు, ఇండియన్ ప్రీఫోల్డ్, చైనీస్ ప్రీఫోల్డ్. ఇండియన్‌ది మెత్తగా ఉంటుంది, చైనీస్‌ది ఎక్కువ కాలం మన్నుతుందని ఇక్కడివాళ్ళు చెబుతారు. మా అమ్మమ్మ పంచె మడతలాంటిదే ఇక్కడ డజను లెక్కన ప్యాకెట్లో కొనుక్కున్నాను.

మీకు అక్కడ ఉన్న ఒక సదుపాయం మాకు లేదు. మన ప్రతి బాత్రూంలోనూ కమోడ్ పక్కన జెట్ స్ప్రే ఉంటుంది. పాపకి ఆరో నెలలో అన్నం మొదలుపెట్టాక దొడ్డి గట్టిపడుతుంది, దాన్ని కమోడ్‌లో దులిపి జెట్‌తో కొట్టేస్తే పని అయిపోతుంది. ఇక్కడ డైపర్ స్ప్రేయర్ అని విడిగా కొని పైపుకి బిగించుకున్నాం. తల్లిపాలు మాత్రమే తాగే నెలల్లో దొడ్డి నీళ్ళలో కరిగిపోతుంది, అప్పుడు నేరుగా మెషీన్‌లో వేసినా ఫరవాలేదు.

మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వరు. డ్రయ్యర్ వేడికి గుడ్డ మీద వేసే మా పై కవర్ల ఎలాస్టిక్ ఏడాదికే సాగిపోయింది. మీకు దండెం ఉంటే అదే వాడండి.


రెండు ఉద్యోగాల ఇల్లు, వరంగల్
జూలై 16, రాత్రి 9:45

అందరూ బాగా చెబుతున్నారు, కాదనను. కానీ మా ఇంట్లో జరిగింది కూడా ఒకరు రాయాలి. పన్నెండు క్లాత్ డైపర్లు కొన్నాం, ఏడు వేల చిల్లర అయింది. ఇద్దరం ఉద్యోగాలు. నేను ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చేసరికి బుట్ట నిండా వాసన కొడుతూ గుడ్డలు. ఎండాకాలం వచ్చేసరికి బోరు ఎండి ట్యాంకర్ తెప్పించుకునేవాళ్ళం. తాగడానికి చూసుకోవాలా, ఇవి ఉతుక్కోవాలా? రెండు నెలలు చేసి మానేశాను. పనిమనిషి కూడా పిల్లల దొడ్డి గుడ్డలు ఉతకనంది, ఆమెని తప్పు పట్టలేను.

పర్యావరణం కోసం అని అందరూ అంటారు. అన్ని నీళ్ళు, కరెంటు, సబ్బు పోసి ఉతికితే అదేం పర్యావరణం? తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ రెండు నెలలూ పాపకి ఏదో అన్యాయం చేస్తున్నాననే బాధతో గడిచాయి నాకు.


పొడి చెత్త తడి చెత్త, సికింద్రాబాద్
జూలై 16, రాత్రి 11:30

వరంగల్ గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. దీని మీద బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో ఒక నివేదిక వేసింది. ఒక బిడ్డకి రెండున్నరేళ్ళ పాటు మామూలు డైపర్లు వాడితే దాదాపు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారాలు, గుడ్డవి సగటు పద్ధతిలో ఉతికి వాడితే దాదాపు 570 కిలోలు. అంటే గుడ్డ వాడినంత మాత్రాన గెలిచినట్టు కాదు. కానీ మెషీన్ నిండుగా వేసి, ఆరుబయట దండెం మీద ఆరేసి, అవే డైపర్లు రెండో బిడ్డకీ వాడితే ఆ 570లో 40 శాతం, సుమారు 200 కిలోలు తగ్గుతాయి. మరుగు వేడిలో ఉతికినా, డ్రయ్యర్ వాడినా పెరుగుతాయి. అది అప్పటి లెక్క, వాళ్ళ దేశపు లెక్క. మన ఇళ్ళలో డ్రయ్యర్ లేదు, దండెం ఉంది, బట్టలు తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ దిగుతాయి. కాబట్టి తగ్గే వైపుకే మనం దగ్గరగా ఉన్నాం. మీలా నీళ్ళు ట్యాంకర్‌లో కొనుక్కునే ఇంటికి ఆ లెక్క సరిపోదు, అది ఒప్పుకోవాల్సిందే.

ఉద్గారాల సంగతి పక్కన పెడితే నన్ను బాధపెట్టేది చెత్త. మా కాలనీలో చెత్త బండి అబ్బాయి వట్టి చేతులతో పొడి చెత్త, తడి చెత్త వేరు చేస్తుంటాడు. డైపర్లు విప్పినవి విప్పినట్టే, దొడ్డితో సహా, కూరగాయల తొక్కలతో కలిపి వేస్తారు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో వాడిన డైపర్లని కవరులో గట్టిగా చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయాలని స్పష్టంగా ఉండేది. మామూలు డైపర్ వాడేవాళ్ళు దొడ్డిని కమోడ్‌లో దులిపి, పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టి ఇవ్వండి. ఆ అబ్బాయి అది తెరవడు.


కవలల నాన్న, విజయవాడ
జూలై 17, ఉదయం 7:20

వరంగల్ గారూ, మీరు అన్యాయం చేయలేదండి. ఇంట్లో ఒక మనిషి చేతులు దీనికి కేటాయించాల్సిందే, అది నిజం. మా ఇంట్లో ఆ చేతులు నావి, రాత్రి పదింటికి మెషీన్ వేసేవాణ్ణి. మా ఆవిడ కవలలకి పాలివ్వడంతోనే అలిసిపోయేది. అది కూడా ఆమె మీదే పడి ఉంటే మేమూ మూడో వారంలోనే ఆపేసేవాళ్ళం. ఈ చర్చ చదువుతున్న నాన్నలు ఎవరైనా ఉంటే, డైపర్లు కొనే ముందు ఉతికే పని ఎవరిదో మాట్లాడుకోండి.

పూర్తిగా గుడ్డే ఉండాలని కూడా లేదు. మేము రైలు ప్రయాణాలకి, తిరుమల వెళ్ళినప్పుడు మామూలు డైపరే వేశాం. రోజుకి రెండు గుడ్డవి వాడినా రెండు తగ్గినట్టే కదా.


చిట్టితల్లి అమ్మ, కూకట్‌పల్లి
జూలై 26, మధ్యాహ్నం 2:50

పన్నెండు రోజులయింది, వివరంగా రాస్తాను.

బామ్మగారూ, మొలతాడు నల్లదే. మీరు రాసిన రోజే చూశాను. డైపర్ వెనక అంచు మీదుగా తాడు సగం లోపలికి, సగం పైకి ఉంది. పట్టుకుంటే చెమ్మ. పైకి జరిపి వేశాను, ఆ పూటే చొక్కా తడవలేదు. అత్తయ్యగారికి మీ పోస్టు చదివి వినిపించాను. "గోచీ దోపడం మా అమ్మ కూడా అలాగే చేసేది" అంటూ చాలాసేపు మాట్లాడారు.

కవలల నాన్న గారూ, డైపర్లు మొత్తం మీరు చెప్పినట్టే ఉతికాం. మొదటి జాడింపు నీళ్ళు పాలలా తెల్లగా వచ్చాయి. నురగ పోయేసరికి ఎనిమిది నీళ్ళు పట్టాయి. ఆ పని మావారు చేశారు, మీరు రాసింది చూపించాను. ఆరాక చెంచా పరీక్షలో నాలుగు నెగ్గాయి, ఒకటి ఇంకా జారుతోంది, దాన్ని మళ్ళీ ఉతకాలి. కండిషనర్ మానేశాను. స్నానం తర్వాత నూనె మానడానికి అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. వాడిన డైపర్ మీదా కొత్త దాని మీదా నీళ్ళు పోసి చూపించాక ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు పగలు రెండు, రెండుంపావు గంటలు ఆగుతోంది. ఎరుపు మూడొంతులు తగ్గింది, మడతల్లో ఏమీ లేదు సిస్టర్ గారూ, చూసుకున్నాను.

రాత్రి మాత్రం కష్టంగా ఉంది. రెండు గంటలకొకసారి మారిస్తే పాప పూర్తిగా లేచి కూర్చుంటోంది, మళ్ళీ నిద్రపోయేసరికి గంట. రాత్రికి ఏం చేస్తున్నారు మీరంతా? వచ్చే నెల నేను ఉద్యోగంలో చేరాలి, డే కేర్ వాళ్ళు గుడ్డవి తీసుకుంటారా?


డాలస్ అమ్మ
జూలై 27, ఉదయం 7:05

రాత్రికి మైక్రోఫైబర్ వద్దు. అది తొందరగా పీలుస్తుంది కానీ నొక్కితే స్పాంజిలా కక్కేస్తుంది. పాప బోర్లా పడుకున్నా, ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టుకున్నా కారేది అందుకే. మీ దగ్గరున్న వెదురు ప్యాడ్లు రెండూ రాత్రికే ఉంచుకోండి, అవి మెల్లగా పీల్చినా పట్టి ఉంచుతాయి. పైన చీర గుడ్డ మడత, కింద వెదురు ప్యాడ్. పాప ఉచ్చ ఎక్కడ ఎక్కువ పడుతుందో చూసి గుడ్డని అక్కడ లావు చేయండి. ఆడపిల్లలకి మధ్యలో, మగపిల్లలకి ముందు వైపు.

తొడ దగ్గర ఎలాస్టిక్ తొడ మీద కాదు, తొడా పొట్టా కలిసే గీతలో కూర్చోవాలి. వేలు దూరేంత వదులు ఉంటే చాలు. విప్పాక ఎర్రటి గీత కాసేపట్లో పోతే ఫరవాలేదు, పోకపోతే ఒక బటన్ వదులు చేయండి.


పిల్లల వార్డు సిస్టర్, గుంటూరు
జూలై 27, మధ్యాహ్నం 12:40

ఎరుపు పూర్తిగా పోయేదాకా రాత్రి పాలకి లేచినప్పుడల్లా ఒకసారి తడి చూసి మార్చండి. లైటు పెద్దది వేయకండి, పాలు పట్టే ముందే మార్చేస్తే పాలు తాగుతూ నిద్రపోతుంది. చర్మం మామూలు అయ్యాక, దొడ్డికి వెళ్ళకపోతే నిద్ర లేపి మార్చక్కర్లేదు.


రెండు ఉద్యోగాల ఇల్లు, వరంగల్
జూలై 27, రాత్రి 10:15

డే కేర్ సంగతి నేను చెప్పగలను. మొదట ఒకచోట వద్దన్నారు. రెండో చోట ఆయమ్మని కలిసి మాట్లాడాను. ఆవిడకి గుడ్డతో ఇబ్బంది లేదు, మడతలు పెట్టుకుంటూ కూర్చోవడంతోనే ఇబ్బంది. అందుకని లోపల గుడ్డ పెట్టి, బటన్లు పాప నడుముకి సరిపోయేలా సర్ది, అయిదు సిద్ధంగా ఇవ్వండి. తీసినవి వేయడానికి జిప్పు ఉన్న వాటర్‌ప్రూఫ్ సంచి ఒకటి. ఆవిడ విప్పి సంచిలో పడేస్తే చాలు. నేను అప్పటికే అలిసిపోయి మానేశాను కానీ, ఆవిడ మాత్రం ఒప్పుకుంది.

మా పన్నెండు డైపర్లూ అటక మీదే ఉన్నాయి. ఎలాస్టిక్ బాగానే ఉంది, లాగి వదిలితే వెనక్కి వస్తోంది. రెండోసారి ఇప్పుడు అయిదో నెల నాకు. బామ్మగారి చీర మడత ముందే తెలిసి ఉంటే అన్ని నీళ్ళు పట్టేవి కావేమో. ఒంటిపొర గుడ్డకి ఎన్ని జాడింపులు సరిపోతున్నాయి?


చిట్టితల్లి అమ్మ, కూకట్‌పల్లి
ఆగస్టు 2, ఉదయం 6:35

వరంగల్ గారూ, చీర గుడ్డలకి రెండు జాడింపులు సరిపోతున్నాయి, ప్యాడ్లకి నాలుగు. నిన్న కొలిచాను, రోజు గుడ్డలన్నిటికీ కలిపి మూడు బకెట్లు. మొదటి చన్నీళ్ళ జాడింపు నీళ్ళు బాత్రూం కడగడానికి వాడుతున్నాం.

అత్తయ్యగారు తన వెంకటగిరి చీర ఒకటి తీసి, జరీ అంచు విప్పి, పద్నాలుగు ముక్కలు చేశారు. అంచులు చేత్తో కుట్టారు. నిన్న రాత్రి పదిన్నరకి వెదురు ప్యాడ్, దాని మీద రెండు చీర మడతలు పెట్టి వేశాను. పాప రెండుసార్లు పాలకి లేచింది, తడి చూస్తే ఒంటికి తగిలే పొర చెమ్మగా ఉంది కానీ కారలేదు, మార్చలేదు. ఇప్పుడే విప్పాను. ప్యాడ్ బరువుగా, కొస దాకా తడిగా ఉంది. పరుపు పొడిగా ఉంది.